నలభై మూడు ఖాళీ గడులు

జూన్ 3, సోమవారం

బోర్డు వచ్చింది. మూడు నెలలు అడిగాను. అడగడం కాదు, పీక్కుతిన్నాను. ఈ పొద్దున హాల్లో గోడకి బిగించారు. ఎర్రటి అంకెలు, ఒక్కొక్కటి అరచెయ్యంత. డాక్టరు గదిలో మీట నొక్కితే ఇక్కడ అంకె మారుతుంది. అంతే. ఇక అరుపుల్లేవు.

అరుపులంటే హాలు ఆయమ్మ. ఆసుపత్రిలో అందరూ ఆవిణ్ణి మైకు అంటారు, ఆవిడా పలుకుతుంది. ఇరవై రెండేళ్ళు డాక్టరు గది గుమ్మంలో నిలబడి పేర్లు అరిచింది. బోర్డు వెలగగానే కాసేపు దానికేసి చూసి, "బాగుందే మిరపకాయ్. నా గొంతుకి సెలవిచ్చావ్" అంది. మిరపకాయంటే నేను. ఆ మాట మెచ్చుకోలో ఎత్తిపొడుపో తెలియలేదు. తెలుసుకునే ఓపికా లేదు.

ఇది కళ్ళాసుపత్రి. రోజుకి నూటపాతిక మంది వస్తారు. నూటపాతిక మందికీ ముందు ఫోన్లో చెప్పేదీ, వచ్చాక చీటీ మీద రాసేదీ ఒకటే టైము: ఎనిమిది గంటలు. డాక్టరు వచ్చేది తొమ్మిదికి, మనసైతే తొమ్మిదిన్నరకి. నాలుగేళ్ళుగా కౌంటర్లో కూర్చుని ఆ ఎనిమిది రాస్తున్నాను. మొన్న ఇంట్లో కాలెండరు మీద గ్యాసు వచ్చిన తేదీ రాయబోయి ఎనిమిది గంటలు అని రాశాను. ఎందుకిలా అని ఎవరినడిగినా "ఎప్పట్నుంచో ఇంతే" అంటారు. ఆ మాట వింటే ఒళ్ళు మండుతుంది. ఎప్పట్నుంచో ఇంతే అయితే ఇంకా ముందే సిగ్గుపడాలి.

అందుకే కంప్యూటర్లో ఒక ఉత్తుత్తి ఆసుపత్రి కడుతున్నాను. సిమ్యులేషన్ అంటారు దాన్ని. నాకెవరూ నేర్పలేదు. భోజనాల టైములో రికార్డు గదిలో కూర్చుని, పాత ఫైళ్ళ దుమ్ము పీలుస్తూ, వీడియోలు చూసి నేర్చుకున్నాను. ఉత్తుత్తి రోగులు, ఉత్తుత్తి డాక్టరు. టైములు మార్చి మార్చి వెయ్యి రోజులు నడిపి చూడొచ్చు. నిజం మనిషి ఒక్కడు కూడా కుర్చీలో నలగక్కర్లేదు.

జూన్ 4

ఉత్తుత్తి రోగులందరూ గుమ్మంలోనే ఇరుక్కుపోయారు. ఒక్కడూ లోపలికి పోలేదు. ఒక కామా మర్చిపోయాను. నిజం ఆసుపత్రికీ దీనికీ పెద్ద తేడా ఏం లేదు.

జూన్ 6, గురువారం

నిజం టైములు పెట్టకపోతే ఉత్తుత్తి ఆసుపత్రి ఉత్తిదే. ఈ రోజు నుంచి మనిషికి నాలుగు గడులు: వచ్చిన టైము, చుక్కలు వేసిన టైము, డాక్టరు పిలిచిన టైము, వెళ్ళిన టైము. మొదటిది చీటీ ఇచ్చేటప్పుడు నేను రాసుకుంటాను. వెళ్ళేటప్పుడు చీటీ నాకు తిరిగిచ్చేస్తే చివరిది కూడా నేనే. మధ్యవి రెండూ చుక్కల సిస్టరూ లోపలి నర్సూ తమ పుస్తకాల్లో రాయాలి.

చుక్కల సిస్టరు విరుచుకుపడింది. కనుపాప తెరుచుకోవడానికి మందు చుక్కలు వేసేది ఆవిడే.

"నాకు రెండే చేతులు. రెండూ ఈ సీసాకే సరిపోతున్నాయి. నీ గడులు నువ్వే నింపుకో."

"ఒక అంకె రాయడానికి ఎంతసేపు సిస్టర్?"

"చుక్క వేయడానికి మాత్రం ఎంతసేపు? రా, ఇక్కడ కూర్చుని నువ్వు వెయ్యి. నేను నీ కౌంటర్లో కూర్చుని అందరి మీదా అరుస్తాను."

చివరికి రాస్తానంది, తిట్టుకుంటూనే. చుక్కలు వేశాక నలభై నిమిషాలు కళ్ళు మూసుకుని కూర్చోవాలి. తెరిస్తే మంట, మందు కూడా సరిగ్గా పనిచేయదు. ఆ నలభై నిమిషాలు ప్రోగ్రాంలో ఎలా రాయాలో తెలియడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఇప్పుడు బాగా వచ్చింది. ఉత్తుత్తి మనిషి చుక్కలు వేయించుకుంటాడు, నలభై నిమిషాలు కదలడు, లేచి వెళ్తాడు. చక్కగా ఉంటాడు వాడు.

జూన్ 9, ఆదివారం

అమ్మకి ఎడమ కంట్లో ప్రెషరు ఉందని రెండు నెలల కిందట తేలింది. రోజూ వేసుకోవడానికి మందిచ్చి, పన్నెండో తారీఖున మళ్ళీ రమ్మన్నాడు డాక్టరు. "అప్పటికి దిగకపోతే మందు మార్చాలి. నిర్లక్ష్యం చేయొద్దు. ఇందులో పోయిన చూపు తిరిగి రాదు" అన్నాడు. అది నాకే చెప్పాడు. అమ్మ జాకెట్లు కుడుతుంది. ఆ కళ్ళ మీదే పెరిగాను నేను.

"బుధవారం నాతోపాటే వచ్చెయ్. ఏడింటికే బయల్దేరదాం."

"నీతోపాటు లోపలికి రానిస్తారా?"

"రానివ్వరు. చీటీ తీసుకుని అందరిలాగే కూర్చోవాలి."

"అదేలేవే. నీ పేరు చెప్పుకుంటానన్నానా ఇప్పుడు?"

పోయినేడు స్టోరు గుమాస్తా తన బావమరిదిని దొడ్డిదారిన లోపలికి తోస్తుంటే పెద్ద డాక్టరుకి కాగితం రాసిచ్చింది నేనే. నా తల్లిని వరస తప్పించి పంపితే ఆ కాగితం తెచ్చి నా మొహాన కొడతారు. అమ్మకీ తెలుసు. దారం కొరికి, కుట్టుకుంటూ కూర్చుంది.

జూన్ 12, బుధవారం

నూటముప్ఫై ఒకరు. తల ప్రాణం తోకకొచ్చింది.

అమ్మది 67. చీటీ నేనే రాసిచ్చాను. ఆ రద్దీలో మొహం కూడా సరిగ్గా చూడలేదు. చేతిగాజు చూసి అమ్మేనని పోల్చుకున్నాను.

పదకొండు దాటాక ఒక ముసలాయన వచ్చాడు, నంబరు దాటిపోయిందని. చివరికి వెళ్ళి కూర్చోండి, ఒంటిగంట తర్వాత టైముంటే చూస్తారు అన్నాను. రూలది. బోర్డు పెట్టిన రోజు నేనే టైపు చేసి అద్దానికి అంటించాను.

"తెలీలేదమ్మా" అన్నాడు.

"గోడ మీద అంతంత అంకెలున్నాయి. కళ్ళు లేవా?" అన్నాను.

హాలంతా వినబడ్డట్టుంది. వినబడనీ. ఒకరికి ఒప్పుకుంటే యాభై మంది లేచొస్తారు.

ఇంటికొచ్చేసరికి అమ్మ మిషను దగ్గరే ఉంది.

"ఏమన్నాడు?"

"ఏమంటాడు? అదే మందు వాడమన్నాడు."

"ప్రెషరెంత ఉందట?"

"ఆ లెక్కలు నాకేం తెలుసే. బాగానే ఉందన్నాడు. కాళ్ళు కడుక్కో, అన్నం పెడతాను."

వెళ్ళేటప్పుడు చీటీ నాకివ్వాలి కదా. ఇచ్చే ఉంటుంది. అంత గోలలో ఎవరిచ్చారో ఎవరికి గుర్తు.

జూన్ 13

అమ్మ ఎడమ భుజం కమిలి నల్లబడింది. తలుపు తగిలిందట. ఆ తలుపు నేను పుట్టకముందు నుంచీ అక్కడే ఉంది.

సూదిలో దారం మాత్రం ఒక్క దెబ్బకి ఎక్కించింది. పక్కన నిలబడి మరీ చూశాను. నాకే అంత తొందరగా ఎక్కదు. ఆ కళ్ళకేం?

జూన్ 15, శనివారం

ఎనిమిది రోజులు, మూడువందల తొంభై ఒక్కమంది. చుక్కలు పడ్డవాళ్ళవి మాత్రమే ఎక్కించాను. నడుపుదామంటే ప్రోగ్రాం మొరాయించింది. ఖాళీ గడులున్నాయట. చూస్తే నలభై మూడు వరసల్లో వచ్చిన టైముంది, చుక్కల టైముంది, ఆ తర్వాత ఏమీ లేదు. డాక్టరు పిలిచిందీ లేదు, వెళ్ళిందీ లేదు.

లోపలి నర్సు రాయడం మర్చిపోయి ఉంటుంది. ఆవిడ రాతా అంతే, ఆవిడ బుద్ధీ అంతే. వీళ్ళు చీటీలు ఇవ్వకుండా పోయి ఉంటారు. మన జనానికి చీటీ తిరిగివ్వమంటే ఆస్తి రాసిమ్మన్నట్టు చూస్తారు.

ఒక్కొక్కటీ ఏరి చూసే టైము ఎవరికుంది? నలభై మూడూ తీసేసి వేరే షీట్లో పడేశాను. ఆ షీటుకి 'చెత్త' అని పేరు పెట్టాను. ప్రోగ్రాం మంచినీళ్ళు తాగినట్టు నడిచింది.

జూన్ 17, సోమవారం

అంకెలు వచ్చాయి. అందరికీ ఎనిమిది గంటలు రాస్తే మనిషి మూడు గంటల పది నిమిషాలు కూర్చుంటున్నాడు. మొదటి ముగ్గురికి ఎనిమిదిన్నర ఇచ్చి, ఆ తర్వాత పది నిమిషాలకి ఐదుగురు చొప్పున పిలిచి, కొత్తగా వచ్చేవాళ్ళని చివరికి పెడితే గంటా పది. ఆ నలభై నిమిషాల చుక్కలతో కలిపే. వెయ్యి రోజులు నడిపాను. ప్రతిసారీ గంటా పదికి అటూ ఇటూ.

పెద్ద డాక్టరు గదికి కాగితాలు పట్టుకెళ్ళాను. ఆసుపత్రి పెత్తనమంతా ఆయనదే.

"ఎవరు చేశారిది?"

"నేనే సార్."

"నువ్వు కౌంటర్లో అమ్మాయివి కదా?"

"కౌంటర్లో కూర్చునేవాళ్ళకి బుర్ర ఉండకూడదని రూలుందా సార్?"

నవ్వాడు. ఉద్యోగం పోతుందనుకున్నాను. ఇరవై నాలుగు నుంచి వారం రోజులు నడిపి చూడమన్నాడు.

అమ్మకి చెప్తే మిషను ఆపి, "చదువు మాన్పించానని నన్నింక తిట్టవుగా?" అంది. ఎప్పుడు తిట్టాను? తిట్టాననుకుంటాను.

జూన్ 20

గ్లాసు పగిలింది. ఎడమ చేతి పక్కన పెట్టినది. ఈ నెలలో మూడోది. బాగానే ఉందన్నాడట కదా.

జూన్ 24, సోమవారం

ఎనిమిదింటికి హాల్లో ఖాళీ కుర్చీలు! నాలుగేళ్ళలో మొదటిసారి నేల రంగు చూశాను. పచ్చగచ్చు అని నాకు తెలియదు.

జూన్ 28, శుక్రవారం

వారం అయింది. గంటా పన్నెండు. నా ఉత్తుత్తి ఆసుపత్రి చెప్పినదానికి రెండు నిమిషాలే తేడా. పెద్ద డాక్టరు భుజం తట్టి, రిపోర్టు పైకి, ట్రస్టు వాళ్ళకి పంపిస్తున్నానన్నాడు. ఈ వారం లెక్కలో కూడా ఖాళీ గడులవి తీసేసే చేశాను. అదెలాగూ తీసెయ్యాల్సిందే.

సాయంత్రం మైకు ఊడుస్తూ వచ్చి నా కంప్యూటర్లోకి తొంగి చూసింది. తెర మీద చుక్కలు వరసగా కదులుతున్నాయి.

"ఇవన్నీ మనుషులా?"

"మనుషులే పిన్నీ."

"విసుగొచ్చి లేచిపోరా?"

"ఎందుకు పోతారు? వాళ్ళ నంబరు వచ్చేదాకా ఉంటారు."

"అదృష్టవంతులే మీ వాళ్ళు" అని చీపురు పట్టుకుని వెళ్ళిపోయింది.

ఎగతాళి. బోర్డు వచ్చినప్పట్నుంచి ఆవిడకి నా మీద కడుపుమంట.

జూలై 1, సోమవారం

భోజనాల టైములో మైకు రికార్డు గదికి వచ్చి, రబ్బరు బ్యాండు వేసిన చీటీల కట్ట బల్ల మీద పెట్టింది.

"ఏంటివి?"

"నీ చీటీలే. ఊడ్చేటప్పుడు కుర్చీల కింద దొరికాయి. బోర్డు పెట్టిన రోజు నుంచి ఏరి దాచాను."

"ఇవ్వకుండా పారేసిపోతారు పిన్నీ. వాళ్ళంతే."

"చూపించుకున్నవాడు నీకు తెచ్చిస్తాడే. చూపించుకోనివాడు పారేసిపోతాడు." కుర్చీ లాక్కుని కూర్చుంది. "కళ్ళు మూసుకుని కూర్చోమంటుంది ఆ సిస్టరు. మూసుకుంటారు. నీ బోర్డేమో నోరెత్తదు. పక్కన కూతురో కొడుకో ఉంటే చూసి చెప్తారు. ఒంటిగా వచ్చినవాడికి ఎవరు చెప్తారు? నేను చెప్పబోతే, అరవొద్దు పిన్నీ ఇది ఆసుపత్రి అన్నావ్."

అన్నాను. జూన్ మూడునే అన్నాను. ఇక్కడ రాసుకోలేదు.

ఆవిడ వెళ్ళాక 'చెత్త' షీటు తెరిచాను. చీటీలూ వరసలూ పక్కపక్కన పెట్టుకుని ఒక్కొక్కటే కలిపాను. కలిశాయి. నర్సు ఏమీ మర్చిపోలేదు.

జూన్ 12. నంబరు 67. వచ్చిన టైము 7:52. చుక్కలు 9:20. తర్వాత ఖాళీ.

చీటీ కూడా ఉంది. మీద నా రాతే. ఎనిమిది గంటలు.

జూలై 2, మంగళవారం

పొద్దున్నే అడిగాను. అరవలేదు.

"ఆ రోజు నువ్వు డాక్టరుని చూడలేదు కదా?"

మిషను చక్రం చేత్తో పట్టి ఆపింది.

"కళ్ళు మూసుకోమన్నారు, మూసుకున్నాను. ఎవరో ఒకరు పిలుస్తారనుకున్నాను. ఎంతకీ పిలవలేదు. తెరిచి చూస్తే అంతా మసక, ఎర్రగా ఏదో వెలుగుతోంది. పక్కావిణ్ణి అడిగితే ఎనభై ఒకటి నడుస్తోందంది."

"నా దగ్గరికి రావచ్చుగా! ఇరవై అడుగులు!"

"వచ్చానే. నీ కౌంటరు దాకా వచ్చాను. అప్పుడే నువ్వు ఎవరో పెద్దాయనతో..." మిషను మీద దారం ముక్క ఏరి పక్కన పెట్టింది. "నువ్వు చెప్పిందీ న్యాయమేగా. ఆయనకో మాట, నాకో మాటా అయితే నీకు తలవంపులు. మళ్ళీ ఎప్పుడైనా చూపించుకోవచ్చులే అనుకుని వచ్చేశాను."

"మరి బాగానే ఉందన్నాడని ఎందుకు చెప్పావ్?"

"నువ్వు అలిసిపోయి వచ్చావ్."

జూలై 3, బుధవారం

సెలవు పెట్టి అమ్మతో వెళ్ళాను. చీటీ తీసుకుని వరసలోనే కూర్చున్నాం. నాలుగేళ్ళలో ఆ కుర్చీల్లో కూర్చోవడం ఇదే మొదలు. వెనక ఊచ వీపుకి గుచ్చుకుంటుంది.

అమ్మకి చుక్కలు వేశారు. కళ్ళు మూసుకుంది. నా ముంజేయి పట్టుకుంది, బస్సులో కడ్డీ పట్టుకున్నట్టు. చుట్టూ చూశాను. నా బోర్డు వైపు మొహాలు తిప్పి, కళ్ళు మూసుకుని, చీటీలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఒంటరిగా ఉన్నవాళ్ళని లెక్కపెట్టాను. పదకొండు మంది. అంకె మారింది. ఒక్క రెప్పా కదల్లేదు. మళ్ళీ మారింది. ఆ నంబరెవరిదో నేనే లేచి అడిగి, ఒకావిణ్ణి తట్టి లేపాను.

డాక్టరు ప్రెషరు చూసి పెదవి విరిచాడు. తర్వాత ఇంకో గదిలో పరీక్ష. ఒక గిన్నెలాంటి దాంట్లో మొహం పెట్టాలి, వెలుగు చుక్క కనిపించినప్పుడల్లా మీట నొక్కాలి. నేను వెనక నుంచి చూశాను. చుక్కలు ఒక పక్కన వెలుగుతూనే ఉన్నాయి. అమ్మ బొటనవేలు మీట మీద ఊరికే ఉంది.

"ఎడమ కంటికి పక్క చూపు చాలావరకు పోయిందమ్మా" అన్నాడు. "ఈ జబ్బు ముందు పక్కలే తినేస్తుంది. ఎదురుగా ఉన్నది చివరిదాకా బాగానే కనిపిస్తుంది. అందుకే చాలామందికి తెలియదు."

సూది ఎదురుగా ఉంటుంది. తలుపు పక్కన ఉంటుంది.

"జూన్ పన్నెండునే చూపించుకుని ఉంటే?" అన్నాను.

"మూడు వారాల్లో ఎంత పోయిందో, అంతకుముందే ఎంత పోయిందో నేను చెప్పలేను. కొంత మిగిలేదేమో. మందు మారుస్తున్నాను. ఉన్నదాన్ని కాపాడుకుందాం."

ఉత్తుత్తి ఆసుపత్రిలో అయితే జూన్ పన్నెండుని వెయ్యిసార్లు నడపొచ్చు.

జూలై 5, శుక్రవారం

నలభై మూడు వరసలూ వెనక్కి పెట్టి లెక్క మళ్ళీ చేశాను. తొమ్మిది మందిలో ఒకరు చూపించుకోకుండానే పోతున్నారు. మనుషులకి లేచిపోయే దారి కూడా పెట్టి ప్రోగ్రాం నడిపాను. వాళ్ళు పోకుండా ఉంటే మనిషికి పట్టేది గంటా పది కాదు, గంటా ముప్ఫై ఐదు. పోయినవాళ్ళ పుణ్యమాని ఉన్నవాళ్ళకి తొందరగా అయింది. ఆ పుణ్యాన్ని నా ఖాతాలో వేసుకుని భుజం తట్టించుకున్నాను.

పెద్ద డాక్టరు కాగితం రెండుసార్లు చదివాడు.

"గంటా పది అని పైకి పంపేశానమ్మా."

"అది తప్పు అంకె సార్."

"గంటా ముప్ఫై ఐదైనా మూడు గంటల కంటే నయమేగా? ఇప్పుడు వెనక్కి తీసుకుంటే నీ పేరే చెడుతుంది."

"నాకు పేరెక్కడిది సార్. కౌంటర్లో అమ్మాయిని."

ఈసారి నవ్వలేదు. కాగితం మీద సంతకం పెట్టి, ఇదీ పంపిస్తానన్నాడు. పంపుతాడో, సొరుగులో పెడతాడో. ఒక కాపీ నా దగ్గర ఉంచుకున్నాను.

జూలై 6, శనివారం

హాలు ఊడుస్తున్న మైకు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను.

"కాళ్ళు తియ్యవే, ఊడవాలి."

"పిన్నీ, మళ్ళీ పిలవాలి నువ్వు."

"నా గొంతుకి సెలవిచ్చావుగా?"

"సెలవు రద్దు."

"నీ ఇష్టమొచ్చినప్పుడు ఇచ్చి, నీ ఇష్టమొచ్చినప్పుడు రద్దు చేస్తే నేనేమన్నా నీ బోర్డునా, మీట నొక్కగానే వెలగడానికి? సరిగ్గా అడుగు."

సరిగ్గా అడిగాను. ఏం అన్నానో రాయను. చీపురు నా చేతిలో పెట్టి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, పాత గుమ్మంలోకి వెళ్ళి నిలబడింది. బోర్డు మీద అంకె మారింది. ఆవిడ అరిచింది. కిటికీ అద్దాలు అదిరాయి. కళ్ళు మూసుకునే ఒకాయన చెయ్యెత్తాడు. ఆవిడ వెళ్ళి ఆ చెయ్యే పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది.

మిగతా హాలు నేను ఊడ్చాను.

జూలై 8, సోమవారం

అద్దానికి అంటించిన రూలు చింపేశాను. నంబరు దాటినవాళ్ళు ఇక ఆ తర్వాతి నంబరుతోనే లోపలికి పోవాలి.

భోజనాల టైములో నలభై మూడు మందికీ ఫోన్లు మొదలుపెట్టాను. ఈ రోజుకి పద్నాలుగు అయ్యాయి. ఆరుగురు వస్తామన్నారు. ముగ్గురు ఇంకెక్కడో చూపించుకున్నారట. ఒకావిడ నన్ను తిట్టింది, పూర్తిగా విన్నాను. నలుగురు ఎత్తలేదు. అందులో, కళ్ళు లేవా అని నేనడిగిన ఆ ముసలాయన ఒకడు. రేపు మళ్ళీ చేస్తాను.

షీటుకి 'చెత్త' అన్న పేరు తీసేశాను. కొత్త పేరేమీ తోచలేదు. ఐదో గడి ఒకటి కలిపాను: వెంట ఎవరైనా ఉన్నారా? ఫోన్లో అడిగి నింపుతున్నాను. లేరు, లేరు, లేరు, మనవడు ఉన్నాడు కానీ బయట నిలబడ్డాడు, లేరు.

అమ్మ వరసకి ఎవరికీ ఫోను చెయ్యక్కర్లేదు. జూన్ పన్నెండున నేను ఇరవై అడుగుల దూరంలో ఉన్నాను. ఉన్నారని రాయొచ్చా అని చాలాసేపు చూశాను.

లేరు అని రాశాను.